కిటికీలో బోర్డు, రాజమండ్రిలో నేను

నేను జన్మలో అందరికన్నా ఎక్కువగా తిట్టింది మనిషిని కాదు, అరచేతిలో ఇమిడే ఓ కంప్యూటరు బోర్డుని. దాన్ని ఉప్పాడలో మా అక్క ఇంటి కిటికీలో పెట్టింది నేనే కాబట్టి, ఆ తిట్లలో పెద్ద వాటా నాకే రావాలి.

అక్క ఇంటికీ సముద్రానికీ మధ్య ఒకప్పుడు మూడు వరసల ఇళ్లుండేవి. ఇప్పుడు ఆవిడదే మొదటి వరస. బావగారు చేపల వేటకు వెళ్తారు, అక్క జాకెట్లు కుడుతుంది. తుఫాను గాలి హెచ్చరిక వస్తే బావగారు పడవ దగ్గరికి పరుగెత్తేవారు, అక్క నాకు ఫోను చేసేది. "ఒరే, మిషను ఒక్కదాన్నే ఎత్తలేను. రారా." ఇనప కాళ్ల కుట్టుమిషను అది, ఇద్దరు పడితేగానీ కదలదు. ఇరుగుపొరుగుకి ఎవరి సామాను గొడవ వాళ్లది. నేను కాలేజీ ల్యాబుకి సెలవు పెట్టి, రాజమండ్రి నుంచి బస్సులు మారి వెళ్లేవాణ్ణి. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ సముద్రం రాలేదు. మూడోసారి అక్క మీద విసుక్కున్నాను.

ఆ విసుగులోంచే బోర్డు పుట్టింది. దానికో కెమెరా, పాత ఫోను నుంచి ఇంటర్నెట్టు, పైన రిమోట్ డెస్క్‌టాప్. నా కుర్చీలోంచే దాని తెర తెరిచి, కెరటం ఎక్కడిదాకా వచ్చిందో చూసి, అవసరమైతేనే బయల్దేరొచ్చు.

ఓ ఆదివారమంతా పట్టింది. అక్క టీవీకి తగిలించి ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా నడిచింది. టీవీ పీకగానే నా ల్యాప్‌టాప్‌లో కటిక చీకటి. తెర లేకపోతే అది డెస్క్‌టాప్ గీయనే గీయదట! చివరికి సెట్టింగుల్లో కొలతలు రాసి, లేని తెర ఉన్నట్టు నమ్మించాను. ఆ విద్యలో నాకు చాలా సర్వీసుంది. ఇన్‌స్పెక్షన్ రోజున మా ల్యాబులో సగం కంప్యూటర్లు అలాగే పనిచేస్తాయి.

"చూసి ఏం చేస్తావురా?" అంది అక్క, చేపలు వేయిస్తూ.

"అవసరమైతే వస్తానక్కా."

"అవసరమని నీకెవరు చెబుతారు, సముద్రమా?"

"నువ్వింక ఫోన్లు చెయ్యక్కర్లేదు. నేను చూస్తుంటాగా."

తర్వాత కొన్ని వారాలు ల్యాబులో అందరికీ చూపించి మురిసిపోయాను. మా ఊరి సముద్రం నా టేబులెక్కిందని జోకు కూడా వేశాను.

మళ్లీ హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్న కనెక్షన్ అవలేదు. పాస్‌వర్డు మళ్లీ కొట్టాను. ల్యాబు రూటరు ఆపి మళ్లీ వేశాను. అవతలి హోస్ట్ అందుబాటులో లేదంది ల్యాప్‌టాప్. అక్క ప్లగ్గు పీకి తన ఫోను ఛార్జింగు పెట్టుకుని ఉంటుందని పళ్లు నూరుకున్నాను. ఆ కుస్తీలో పదకొండయింది. ఫోను చేద్దామని అప్పుడు తట్టింది.

"కరెంటు పొద్దున్నే తీసేశార్రా" అంది అక్క. "గాలంటే ముందు తీసేది అదే కదా! ఈ ఊళ్లో పుట్టి నీకు తెలీదేంటి?"

తెలుసు. చిన్నప్పుడు గాలి కబురు రాగానే లాంతరు చిమ్నీ తుడిచి పెట్టడం నా పని. తుఫాను చూడ్డానికి పెట్టిన యంత్రం తుఫాను రోజునే పనిచెయ్యదని ఆ వీధిలో ఎవర్నడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. నాకు కంప్యూటర్లొచ్చు కదా!

"మరి నాకు ఫోను చెయ్యలేదేంటక్కా?" అని అరిచాను.

"నువ్వు చూస్తున్నావనుకున్నా. చూసి కూడా రాలేదంటే పర్లేదనేమో అనుకున్నాన్రా."

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సముద్రం వైపు గది గోడ పడిపోయి ఉంది. దాని కింద మిషను, చక్రం రెండు ముక్కలై, ఇసకలో కూరుకుపోయి ఉంది. బావగారు పడవ దగ్గర్నించి ఇంకా రాలేదు. అక్క వెనక వీధివాళ్ల అరుగు మీద కూర్చుని నాకో పాలిథిన్ సంచి అందించింది. లోపల బోర్డు, కెమెరా. చుక్క తడి లేదు.

"ఖరీదైంది కదాని ముందు దాన్నే తీశాను."

"దీన్నెవరు తియ్యమన్నారు నిన్ను?" మళ్లీ అరిచాను. అరిచే హక్కు నాకు లేదని తెలుసు. అందుకేనేమో, అరుగు మీదున్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా అరిచాను.

అక్క మాత్రం తలెత్తలేదు. పక్కనే తడిసిన మూట విప్పి, ఉప్పునీళ్లోడుతున్న జాకెట్టు ముక్కల్ని ఒక్కొక్కటే పిండుతోంది. ఏది ఎవరిదో అంచు చూసి గుర్తుపట్టి వేరుగా పెడుతోంది.

"ఇవన్నీ ఎల్లుండి పెళ్లికివ్వాలి" అంది. "దేనిమీద కుట్టన్రా?"