ఐదో మాట దగ్గర ఆగిన కంప్యూటర్

అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకునేవాళ్లు గల్లీకి వెయ్యిమంది. కంప్యూటర్ మీద ప్రేమ ఉన్నవాడు మాత్రం మా ఆయన ఒక్కడేనని నా అనుమానం. వాళ్లంతా ఉద్యోగం కోసం వస్తారు, దొరకగానే హాస్టల్ ఖాళీ చేసి పోతారు. మా ఆయన ప్రేమ్ సాగర్‌కు ఉద్యోగం దొరకలేదు, ప్రేమ వదల్లేదు.

ఇరవై ఆరేళ్ల కింద ఈ గల్లీల్లోనే కోర్సు చేశాడు. ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు. పంజాగుట్టలో కళ్లద్దాల షాపులో చేరి, ఇవాళ్టికీ అక్కడే ఫ్రేముల్లో అద్దాలు బిగిస్తున్నాడు. ఇంటికొచ్చాక పాత సామాన్లు, కొత్త సామాన్లు కలిపి కంప్యూటర్లు కడతాడు. బియ్యం డబ్బా మీద మదర్‌బోర్డు, మంచం కింద ఫ్యాన్లు. ఒకసారి పోపులో ఆవాలతో పాటు స్క్రూ కూడా చిటపటలాడింది. ఇక కొత్త మిషన్ మొదటిసారి స్విచ్ వేసేముందు కళ్లు మూసుకుని ప్రార్థన.

"వైరు సక్కగ పెడితే చాలదా? దేవుణ్ని ఎందుకు తిప్పలు పెడ్తవు?" అంటాను.

"వైరు నేను పెడ్త. ఎలగనీకి ఆయన ఉన్నడు," అంటాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు, ఎందుకంటే ఆయన వాదించడు.

మా చర్చిలో స్వరాజ్యం టీచర్ అని ఉంది. మా ఇద్దరికీ సండే స్కూల్లో పాఠాలు చెప్పింది ఆమే. రెండేళ్ల కింద తుంటి ఎముక విరిగి, బల్కంపేటలో మంచానికే పరిమితమైంది. చర్చి ఆరాధనను ఫోన్‌లో ప్రసారం చేస్తే ఆమెకు ముక్కలు ముక్కలుగా అందేది. అది చూడలేక మా ఆయన ఆర్నెల్లు కూర్చుని చర్చి ప్రసారం కోసం ఒక పెద్ద మిషన్ కట్టాడు. పక్కన అద్దం, ముందు మూడు ఫ్యాన్లు, ఫ్యాన్లకు ఎరుపు, పచ్చ, నీలం లైట్లు.

చర్చి సెక్రటరీ విజయరత్నం గారు గుంటూరు మనిషి, మాట ఖచ్చితం. "చూడండి ప్రేమ్ సాగర్ గారూ, గుడ్ ఫ్రైడే ఆరాధన పన్నెండు నుంచి మూడింటి దాకా ఆగకుండా నడిస్తే ఇక మీ మిషనే. ఆగిందా, బయట వీడియోవాళ్లను పెట్టుకుందాం."

గుడ్ ఫ్రైడే రోజు పన్నెండింటికే సూర్యుడు నెత్తిమీద పెనం పెట్టాడు. బలిపీఠానికి, ప్రసంగ వేదికకు నల్లగుడ్డలు కప్పారు. అంత దుఃఖం మధ్య మా ఆయన బల్ల కింద పెళ్లిపందిరిలా రంగులు మెరుస్తున్నాయి. వెనక వరసలో ఎవరో నవ్వారు. నా ముఖం మాడిపోయింది.

"ఏందయ్యా, ఆ లైట్లు ఆపు," అన్నాను.

"ఫ్యాన్లతోని కలిసే ఉన్నయి జీవమణీ, ఆపనీకి రాదు," అని ఆయన మైకు చూడటానికి పోయాడు.

మిగిలిన నల్లగుడ్డ ఒకటి తెచ్చి, మిషన్ మొత్తం కనబడకుండా కప్పేశాను. తిరిగొచ్చి కూర్చున్న ఆయన తెర మీదున్న దృష్టి బల్ల కిందికి మళ్లించలేదు.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. నాలుగు సాఫీగా నడిచాయి. ఐదోది 'నాకు దాహమవుతోంది' అన్న మాట. అది మొదలైన కాసేపటికి తెర నల్లబడింది. మా ఆయన వంగి చూశాడు. గుడ్డ ఫ్యాన్లకు అతుక్కుపోయి, గాలి ఆడక, మిషన్ వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ ఎంత నొక్కినా మూడింటి దాకా లేవలేదు.

"ఏంటండీ ఇది?" అని విజయరత్నం గారు వచ్చారు.

మా ఆయన గుడ్డను వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "వేడెక్కిందండీ. నేనే చూస్కోలే."

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

"ఈస్టర్ ఒక్కరోజు దీంతోనే కానిద్దాం. తర్వాత బయటివాళ్లు," అన్నారు సెక్రటరీ గారు.

సాయంత్రం స్వరాజ్యం టీచర్ మా ఆయనకు ఫోన్ చేసింది. రోజూ ఆమెకు తోడుండే పక్కింటి రాజమ్మ, ఎల్లమ్మ భక్తురాలు, ఆవేళ తనతో కూర్చుని అంతా చూసిందట. "దూపైతుందన్న కాడ ఆగిపాయె బిడ్డా. రాజమ్మ ఒక్కతీరు అడుగుతుంది, గంత ఎండల ఆయనకు నీళ్లిచ్చిండ్రా లేదా అని. మిగిలింది ఎప్పుడు చూపిస్తవు?"

మా ఆయన ఫోన్ నాకిచ్చాడు. తర్వాత ఆ గుడ్డను ఉతికి, ఆరేసి, మడతపెట్టి నా సంచిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఈస్టర్ ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాలకు పిలిచారు. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకునే సమయం అది. నేను గుడ్డ పట్టుకుని లేచాను.

"శుక్రవారం మిషన్ ఆగింది మా ఆయన తప్పుతోని కాదు. నేను దాని మీద దీన్ని కప్పిన. దేవుని భయంతోని కప్పలే. మా ఆయనను చూసి నలుగురు నవ్వుతున్నరని సిగ్గుపడి కప్పిన. గా సిగ్గు ఒక్కరోజుది కాదు. పెండ్లైన కాంచి ఉన్నది. నన్ను క్షమించుండ్రి."

మా ఆయన తల వంచుకుని తెరవైపే చూస్తున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. విజయరత్నం గారు లేచారు. మిషన్‌కు గాలి ఆడకుండా అడ్డంగా ఉన్న తన కుర్చీని పక్కకు జరుపుకుని, మళ్లీ కూర్చున్నారు.

ఆరాధన ముగిసి గుమ్మం దాటకముందే నా ఫోన్ మోగింది. స్వరాజ్యం టీచర్.

"జీవమణీ, ఇయ్యాల మిషన్ మస్తు నడిచింది బిడ్డా. నువ్వు చెప్పింది ఒక్క మాట తెగలే. నేను, రాజమ్మ, అంతా ఇన్నం."