కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

దేవాది దేవునికి స్తోత్రం. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులకు జనం ఎగబడే రోజుల్లో నేనక్కడ పాఠాలు చెప్పేవాణ్ణి. లోపలి చెవి జబ్బుతో ఉన్నట్టుండి తల గిర్రున తిరిగేది. డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించి, కాఫీ మానేశాను.

ఒక ఆదివారం పంజాగుట్టలోని మా చర్చి సంఘంలో ప్రార్థన నడిపించే వంతు నాది. కళ్ళు మూసుకోగానే తల తిరిగి ముందు వరుసలోని కుర్చీల మీద పడ్డాను.

"తాగొచ్చిండా ఏంది?" అన్నారెవరో.

సంఘపెద్ద నన్ను లేపి, "కూర్చో తమ్ముడూ, వేరేవాళ్ళు చేస్తారు. నీకు విశ్వాసం తక్కువైంది" అన్నాడు.

"విశ్వాసం బాగానే ఉందన్నా, చెవే బాగోలేదు" అని, కుర్చీ పట్టుకుని, మళ్ళీ తూలకుండా కళ్ళు తెరిచి ఎదుటి గోడనే చూస్తూ ప్రార్థన పూర్తి చేశాను.

ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. మీరూ నాతో కలిసి ప్రార్థించండి. కళ్ళు తెరిచి ఉన్నా ఆయన వింటాడు.