రెండు టీ చెంచాలు

మా అక్క మొగుణ్ణి తలుచుకుంటే నాకు రెండు టీ చెంచాలు కళ్ళముందుకొస్తాయి.

బర్మింగ్‌హామ్‌లో ఉండగా బావ జపాన్ నుంచి పాత స్పోర్ట్స్ కారొకటి తెప్పించుకున్నాడు. దాని స్పీడోమీటర్ కిలోమీటర్లు చూపిస్తుంది. ఇంగ్లండులో మైళ్ళు కావాలి. డయల్ మార్చాలంటే ముందు ముల్లు తియ్యాలి. అక్క వంటింట్లోంచి తెచ్చిన చెంచాలను ముల్లుకు చెరోపక్క ఆనించి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున లేపాడు. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను.

"మెల్లగా చెయ్యాలమ్మాయ్. గట్టిగా పట్టుకుంటే విరిగిపోద్ది," అన్నాడు. ఊడివచ్చిన ముల్లును దూదిమీద పడుకోబెట్టాడు.

అప్పుడే అక్క టీ తెచ్చింది. కప్పు అందిస్తుంటే స్లీవ్ పైకి జరిగింది. మణికట్టు చుట్టూ నీలంగా కమిలిన వేళ్ళ గుర్తులు.

"తలుపు తగిలిందే," అంది, నేను అడక్కముందే.

నేను నర్సుని. వార్డులో అలాంటి గుర్తులు కనిపిస్తే పేషెంటును పక్కకు తీసుకెళ్ళి అడుగుతాను, రిపోర్టు రాస్తాను. ఆ రోజు మాత్రం బావ "లైటు సరిగ్గా పట్టు" అంటే పట్టాను.

"మోటు మనిషి, మెత్తదనం తెలీదు పాపం," అని అమ్మ ఇప్పటికీ అతన్ని వెనకేసుకొస్తుంది.

అతనికి తెలుసు. నేను చూశాను, లైటు పట్టి మరీ.