ఫట్‌ఫటి వెనక టైరు

నా మోటారు సైకిలు వెనక టైరు ఒక పాము మీద నుంచి పోయిందనీ, ఆ పాము తల సూర్యాపేట వైపు, తోక కోదాడ వైపు ఉండగా నడుమ ఎక్కడో నేను దాన్ని దాటాననీ, టైరుకు గీత కూడా పడలేదనీ మిర్యాలగూడ దర్జీలకు చెప్పింది నేనే. సూర్యాపేటలో అదే టైరును బర్మా అడవుల్లో ఏనుగు తొక్కినా ఏమీ కాలేదని చెప్పాను. కోదాడ హోటలాయన కాస్త చదువుకున్న మనిషి. ఆయన దగ్గర ఏనుగులు, పాములు చెల్లవు. అందుకని ఆ రబ్బరు కారిన చెట్టు ఫోటో నా పెట్టెలో ఉందని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆయన చూపించమన్నప్పుడల్లా పెట్టె తాళంచెవి సూర్యాపేటలో ఉండేది.

అది పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి యేడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. కుట్టుమిషన్లు బాగుచేయడం నా పని. పదిహేను రోజులకోసారి సూర్యాపేటలో బయలుదేరి కోదాడ, అక్కడి నుంచి మిర్యాలగూడ, మళ్ళీ సూర్యాపేట చేరేవాణ్ణి. దారిలో పల్లెల్లో ఎక్కడ మిషను మొరాయిస్తే అక్కడ దిగేవాణ్ణి. నా బండి యుద్ధంలో తిరిగింది. మిలిటరీ వాళ్ళు వద్దనుకుంటే నలుగురు చేతులు మారి నాకు దక్కింది. దాని చప్పుడును బట్టి జనం ఫట్‌ఫటి అనేవారు. మూడు ఊళ్ళలో కలిపి అలాంటివి నాలుగో అయిదో ఉండేవేమో. కనుక దాని టైరు గురించి నేనేం చెప్పినా కాదనేవాళ్ళు లేరు.

ఒక్క మనిషి తప్ప. మిర్యాలగూడలో దర్జీల వరుసకు ఎదురుగా, గోడ నీడలో, చెప్పులు కుట్టే తాత ఒకాయన కూర్చునేవాడు. నేను పాము కథ చెబుతున్నంతసేపూ అందరూ నా మొహం చూస్తే ఆయన టైరు చూశాడు. కథ అయ్యాక లేచి వచ్చి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బొటనవేలితో నాలుగు చోట్ల నొక్కాడు.

"పాము సంగతి నాకు తెల్వదయ్యా. ఇది మాత్రం బాగ అరిగింది. ఇంకో తిరుగుడు తిరిగి ఇడిసిపెట్టు," అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే నేను వినేవాణ్ణేమో. "ఇప్పినంక నాకియ్యి," అని కూడా అన్నాడు.

ఆ రెండో మాటతో మొదటి మాట నాకు చెడిపోయింది. ఆ రోజుల్లో టైరంటే అందరికీ ఆశే. సూర్యాపేటలో లారీ క్లీనరొకడు అడిగాడు, ఇస్తానన్నాను. కోదాడ హోటలాయన అడిగాడు, ఆయనకూ ఇస్తానన్నాను. లేదనడం నా నోటికి అలవాటు లేదు. ఇప్పుడు తాత కూడా అదే బేరానికి వచ్చాడనుకున్నాను. మిగతావాళ్ళు నేరుగా అడిగితే ఈయన ముందు టైరును మాటలతో అరగదీసి ఆ తర్వాత అడుగుతున్నాడు, అంతే తేడా అనిపించింది.

ఎందుకని అడిగాను. కోదాడ తోవలో గొర్లు కాచుకునే మనిషి ఒకడున్నాడని, అతని కాళ్ళకు స్పర్శ పోయిందని చెప్పాడు. కుడికాలికి మొత్తం పోయింది, ఎడమకాలికి పోతూ ఉంది. తుమ్మముల్లు దిగినా తెలియదు. సాయంత్రం ఇంటికి వచ్చాక భార్య కాళ్ళు తిప్పి చూసి ముళ్ళు తీస్తుంది. ఊళ్ళో వాళ్ళు పెద్దరోగమని పేరు పెట్టి దూరం జరిగారు. దవాఖానలో కాంపౌండరు మందు ఇచ్చి, మందం అట్ట ఉన్న చెప్పులు లేకుండా అడుగు తీసి అడుగు వేయొద్దన్నాడట. తోలుచెప్పులో నుంచి తుమ్మముల్లు దూరి వస్తుంది. లారీ టైరుతో చేస్తే వంగదు, కాలికి ఒరుసుకుని పుండు చేస్తుంది, ఆ పుండూ అతనికి తెలియదు. సైకిలు టైరు పలచన. లోపల గుడ్డ పొరలున్న ఫట్‌ఫటి టైరే దీనికి సరి.

"గుడ్డ తెగినంక తెస్తే అది నీకు పనికిరాదు, మాకు పనికిరాదు," అన్నాడు తాత.

నేను తలూపాను. లోపల మాత్రం, ఈ ముసలాయన నాకంటే బాగా అల్లుతున్నాడే అనుకున్నాను. మూడు ఊళ్ళకు మూడు కథలు చెప్పేవాణ్ణి కదా, ఎదుటివాడు వివరంగా చెప్పేకొద్దీ నాకు అనుమానం పెరిగేది. నేను కూడా అబద్ధానికి అలాగే వివరాలు తగిలించేవాణ్ణి.

టైరు మార్చలేదు. పైగా ఒక శాస్త్రం కనిపెట్టాను. చక్రంలో గాలి తగ్గిస్తే టైరు నేల మీద మెత్తగా కూర్చుంటుంది, రాళ్ళు తగలవు, ఇంకో నాలుగు నెలలు వస్తుంది అని. ఎవరినీ అడగలేదు. కోదాడలో హోటలాయన చూసి, "అదేంటయ్యా, నీ బండి నడుం నొప్పి వచ్చినట్టు కూర్చుంది. గాలి కొట్టించుకోకూడదూ," అన్నాడు. ఇది మిలిటరీ పద్ధతి అని చెప్పాను. అలా రెండు తిరుగుళ్ళు తిరిగాను.

మూడోసారి కోదాడ నుంచి మిర్యాలగూడ వెళుతుంటే, ఊరు ఇంకా రెండు కోసులుందనగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. బండి ఆపాను. మంద వెనక, గొంగడి భుజాన వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి నిదానంగా నడిచి వస్తున్నాడు. కాళ్ళకు తోలుచెప్పులున్నాయి. తెల్లటి దుమ్ములో అతను నడిచి వచ్చిన దారి చూశాను. ఎడమ అడుగు పడిన చోట దుమ్ము దుమ్ములాగే ఉంది. కుడి అడుగు పడిన ప్రతిచోటా చిన్న నల్లటి తడి మరక.

కాలికి రక్తం కారుతోందని చెప్పాను. ఇంకెవరి కాలి గురించో చెప్పినట్టు, "అట్లనా?" అని, రాయి మీద కూర్చుని చెప్పు విప్పి చూసుకున్నాడు. అంగుళం ముల్లు చెప్పులో నుంచి దూరి మడమలోకి దిగి ఉంది. దాన్ని గోళ్ళతో పట్టుకోబోయాడు కాని, వేళ్ళకు కూడా సరిగ్గా పట్టు దొరకలేదు. నా పెట్టెలో పట్టకారు ఉంది, తీసి ముల్లు లాగాను. చేత్తో పట్టుకోకుండా పట్టకారుతోనే లాగాను. అతనది గమనించాడు, ఏమీ అనుకున్నట్టు కనపడలేదు. నాకే ఇప్పటికీ ఆ సంగతి రాయడానికి కష్టంగా ఉంది.

ముల్లు బయటికి వచ్చేటప్పుడు నేను మొహం చిట్లించాను. అతను నా బండిని చూస్తున్నాడు.

"పాము మీదికెళ్ళి పోయింది నీ బండేనా అయ్యా?" అని అడిగాడు. అవునన్నాను. గోడకింది కాకా చెప్పిండని, ఆ టైరే తనకు వస్తున్నదని, అందుకే ఈ తోలువి కొత్తవి కుట్టించుకోలేదని అన్నాడు. నెలన్నర నుంచి ఎదురుచూస్తున్నవాడి గొంతులో ఎక్కడా తొందర లేదు. "పాము సచ్చిందా?" అని కూడా అడిగాడు.

"లేదు, పక్కకు జరిగింది," అన్నాను.

"మంచిగైంది," అని చెప్పు తొడుక్కుని మంద వెంట పోయాడు. మళ్ళీ కుడి అడుగు పడిన చోటల్లా మరక.

మిర్యాలగూడ చేరి ఏ మిషనూ ముట్టుకోలేదు. తాత దగ్గరికి పోయి, సూర్యాపేట మోటారు షెడ్డులో నా బండికి సరిపోయే టైర్లు రెండున్నాయని విన్నాను, ఏది మంచిదో నాకు తెలియదు, నువ్వు వచ్చి చూడమన్నాను. ఎప్పుడూ తెలియదనని నేను తెలియదనేసరికి ఆయన నావైపు కాస్త వింతగా చూశాడు. పనిముట్లు దర్జీకి అప్పజెప్పి, తువ్వాలు తలకు బిగించి వెనక ఎక్కాడు. అంతకుముందు ఎన్నడూ ఫట్‌ఫటి ఎక్కలేదు. చక్రానికి నిండా గాలి కొట్టించి, బండిని ఎద్దుబండి కంటే కాస్త ముందుగా మాత్రమే నడిపాను. మూసీ దాటాక, "గాలి మస్తుగున్నది," అన్నాడు. అది చక్రంలో గాలి గురించా, మొహానికి తగిలే గాలి గురించా అని నేను అడగలేదు.

షెడ్డు మేస్త్రీ రెండు టైర్లూ తెచ్చి ముందు పడేశాడు. ఒకటి కొత్తది. నల్లగా మెరుస్తోంది, గాట్లన్నీ పదునుగా ఉన్నాయి. రెండోది ఎవరో కొంతకాలం నడిపింది, మట్టిరంగులో, మొద్దుగా ఉంది. నేనైతే మొదటిదాని మీద చెయ్యి వేసేసేవాణ్ణి. తాత దాన్ని ముట్టుకోకుండా ముందు వాసన చూశాడు.

మేస్త్రీ నవ్వాడు. "ఏం ఉస్తాద్, టైరు కొననీకె చెప్పులు కుట్టెటాయనను తోలుకొచ్చినవ్. రేపు ఇంజన్ కొననీకె కుమ్మరాయనను తెస్తవా?"

తాత కొత్తదాని అంచు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి విరిచాడు. ఆ వంపులో, వేసవిలో ఎండిన చెరువు అడుగులాగా, సన్నటి పగుళ్ళు వరసగా తెరుచుకున్నాయి. మెరుపు కోసం పైన ఏదో నూనె రాశారు. తాత తన బొటనవేలు చూసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"ఇది రేకుల మీద ఎండల పండుకున్నది. ఒక్క అడుగు నడవలేదు గని సచ్చింది," అన్నాడు. రెండోదాన్ని విరిస్తే పగుళ్ళు లేవు, వదిలితే టప్పున వెనక్కి వచ్చింది. గోరు గుచ్చితే గుంట పడి మళ్ళీ నిండింది. "ఇది మస్తు నడిసింది గని బతికున్నది. ఇది పెట్టించుకో."

నడిచిన టైర్ల మంచిచెడ్డలు ఈయనకెట్లా తెలుసని మేస్త్రీ నన్ను అడిగాడు. టైరును ముక్కలుగా కోసి లోపల చూసేవాడు మన ముగ్గురిలో ఆయనొక్కడే కదా అన్నాను. అది నేను ఆ యేడాది చెప్పిన కొద్ది నిజాల్లో ఒకటి. మేస్త్రీ కూడా మంచివాడే. తాతకు స్టూలు వేసి, చాయ్ తెప్పించి, ఆ కొత్తదాన్ని తానే షెడ్డు వెనక్కి దొర్లించుకుపోయాడు.

తర్వాత నా పాతది విప్పారు. తాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి లోపలికి పెట్టి, వేళ్ళతో గుడ్డను తడుముతూ చుట్టూ తిరిగాడు. కొన్నిచోట్ల చెయ్యి ఆగింది. అక్కడ పొరలు తెగి, దారాలు పీచుగా లేచి ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు. రెండోసారి కూడా అంతే దొరికింది.

"గాలి తక్కువ పెట్టి నడిపినవా?" అన్నాడు.

మిలిటరీ పద్ధతి నాలుక చివర దాకా వచ్చింది. "నడిపిన," అన్నాను.

తాత చెప్పినప్పుడే విప్పి ఉంటే నాలుగు జతలు వచ్చేవేమో. ఇప్పుడు ముల్లును ఆపేంత గట్టి గుడ్డ ఒకేచోట, రెండు జానలకు లోపే మిగిలింది. ఒక అరికాలు నిండుగా వస్తుంది, రెండోది సగమే. తాత నన్ను ఏమైనా అంటాడని చూశాను. జానతో మరోసారి కొలిచి, "ఒకటి నిండుగొస్తది. ఇంకోదానికి అతుకేద్దాం," అని టైరు భుజాన వేసుకుని లేచాడు. నిండు ముక్క కుడికాలికి, అతుకుది ఎడమకాలికి.

నేను ఆ వారం మిర్యాలగూడలోనే ఉండిపోయాను. టైరు ముక్కకు పుట్టుకతో వచ్చిన వంపు పోవాలని తాత దాన్ని నానబెట్టి, రెండు రాళ్ళ నడుమ అదిమి పెట్టాడు. ఎక్కడా మేకు కొట్టలేదు. మేకు ఏదో ఒకరోజు పైకి లేస్తుంది, ఆ కాలికి తెలియదు. మొత్తం దారంతోనే కుట్టాడు. నా దగ్గర మిషన్లకు వాడే మందం దారం కండె ఉంటే ఇచ్చాను, మైనం పట్టించి మూడు పేటలు పేని వాడాడు. ఎడమదాని అతుకు అరికాలి పల్లం కిందికి వచ్చేట్టు కోశాడు, బరువు దాని మీద పడదని.

గొర్ల కాపరి అంగడినాడు వచ్చాడు. దర్జీల వరుసకు కాస్త దూరంగా నిలబడ్డాడు, అలవాటు కొద్దీ. తాత రమ్మని, అతని కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుని, మడమ గాయానికి మెత్తటి గుడ్డ కట్టి, వట్టి చేతులతో రెండు చెప్పులూ తొడిగి పట్టీలు సరిచేశాడు. ఈసారి నేను పట్టీ పట్టుకున్నాను, పట్టకారు లేకుండా.

అతను లేచి గోడ వెంట పది అడుగులు వేశాడు. కుడికాలి సంగతి అతనికేమీ తెలియదు కనుక ఏమీ చెప్పలేదు. మేమే చూసుకున్నాం, నేల మీద మరక లేదు. తర్వాత ఆగి ఎడమకాలు కొంచెం ఎత్తి పట్టుకున్నాడు.

"కాకా, గీ ఎడమది నడుమల గుచ్చుతున్నది."

తాత వెంటనే కత్తి అందుకుని, విప్పమని, అతుకు చెక్కి నున్నగా చేస్తానని అన్నాడు. అతను విప్పలేదు. ఎడమకాలు నేల మీద ఆనించి, బరువంతా దాని మీద వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశాడు. మొహం మారింది.

"గుచ్చుతున్నదని తెలుస్తున్నది కాకా," అన్నాడు. "జరసేపు ఉండనియ్యి."

"పుండయితది కొడుకా."

"అయ్యేదాంక ఉంచుకోను. జరసేపే."

తాత కత్తి పక్కన పెట్టాడు. అతను గోడ చివరిదాకా పోయి వచ్చాడు, మళ్ళీ పోయాడు. ఎడమ అడుగు వేసిన ప్రతిసారీ కాస్త కుంటాడు, కుంటి నవ్వుకుంటాడు. దర్జీలు మిషన్లు ఆపారు. అతను అలసిపోయి తానే వచ్చి కాలు చాపేదాకా తాత కూర్చునే ఉన్నాడు. అప్పుడు అతుకును కొంచెంగా, ఆ కాలికి ఇంకా ఆనవాలు తెలిసేంత మిగిల్చి, చెక్కడం మొదలుపెట్టాడు.