కోటు జేబులో ఉండిపోయిన చెయ్యి

పోయిన ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక, అలవాటు చొప్పున తలుపు దగ్గర నిలబడి వందనాలు చెబుతూ చెయ్యి చాచితే, నా మనవరాలి వయసున్న ఒక అమ్మాయి దూరం నుంచే చెయ్యి ఊపి నవ్వుతూ కార్ వైపు వెళ్ళిపోయింది. ఆ పిల్లను తప్పు పట్టను. మహమ్మారి రోజుల తరువాత మా సంఘంలో చేతులు కలపడం ఎవరూ మళ్ళీ మొదలుపెట్టలేదు, సగం మంది ఇళ్ళలోనే కూర్చుని ఫోన్‌లో వాక్యం వింటున్నారు. కాని గాలిలో మిగిలిపోయిన నా చేతిని చూసుకుంటే, ఎన్నో ఏళ్ళ కిందట అమెరికాలోని ఇదే ప్లెయిన్స్‌బరో ఊరి దగ్గర నేను నర్సుగా సేవ చేసిన ఒక పెద్దాయన గుర్తుకొచ్చి, ఆ రోజంతా మనసు కుదుటపడలేదు.

ఆయన ఒకప్పుడు ఐర్లాండ్ దేశానికి ఆర్థికమంత్రి. పేరు చెప్పను, అది నర్సుకు తగని పని. భార్య పోయాక అమెరికాలో ఉన్న కూతురు తన దగ్గరకు తెచ్చుకుని, కాళ్ళు పట్టు తప్పాక మా వృద్ధుల కేంద్రంలో చేర్పించింది. ఈ దేశానికి కొత్తగా వచ్చిన నాకు ఆయన ఇంగ్లీషు మొదట సగమే అర్థమయ్యేది. ఉదయం గడ్డం గీస్తున్నప్పుడు మాత్రం మెల్లగా, విడమరిచి తన బతుకు చెప్పేవారు. సాయంత్రం నన్ను కార్‌లో ఎక్కించుకోవడానికి వచ్చిన మా ఆయన, "ఏమిటి, మీ మంత్రిగారు ఇవాళ ఏ పన్ను వేశారు?" అని ఆటపట్టించేవారు.

చిన్న ఊళ్ళో ఇనుప సామాను కొట్టువాళ్ళ అబ్బాయి. ఆ ఊరి బడిలోనే లెక్కలు చెప్పి, ఎన్నికలకు నిలబడితే, చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితుడు వానలో నిచ్చెన మోసుకుంటూ వీధివీధినా పోస్టర్లు అంటించి గెలిపించాడట. గెలిచాక ఊరి ఆసుపత్రికి కొత్త కాన్పుల వార్డు తెచ్చారు. ఆ రోజు ఊరివాళ్ళు ఆయన్ను భుజాల మీద ఊరేగించారని చెప్పేటప్పుడు, సబ్బు నురగ కింద కూడా ఆయన బుగ్గలు ఎర్రబడేవి.

మంత్రి పదవి వచ్చింది గడ్డు రోజుల్లో. బైబిలు వాక్యంలో కరువుకు ముందే గాదెలు నింపిన మంత్రి ఉన్నాడు గాని, ఈయన చేతికి గాదెలు ఖాళీ అయ్యాకే తాళాలు అందాయి. చిన్న ఊళ్ళ ఆసుపత్రులు మూయక తప్పదని తేలినప్పుడు, తన ఊరిని వదిలేసి మిగతావాళ్ళకు ఏ మొహంతో చెప్పగలనని, తను వార్డు తెచ్చిన ఆసుపత్రిని కూడా మూయించారు. ఆ చలికాలమే, దూరపు పట్నానికి తీసుకుపోతుండగా దారిలోనే ఆ స్నేహితుడి కూతురు, నిండు చూలాలు, చనిపోయింది.

వాళ్ళ ఆచారం ప్రకారం చావు ఇంటికి ఊరంతా వెళ్ళి, వరుసగా నడుస్తూ దుఃఖంలో ఉన్నవాళ్ళందరికీ చెయ్యి ఇచ్చి ఒక్క ఓదార్పు మాట చెప్పాలి. శత్రువైనా సరే, ఆ రోజు చెయ్యి కాదనరట. ఈయనా వరుసలో నిలబడ్డారు. తన వంతు వచ్చి చెయ్యి చాచగానే, ఆ తండ్రి తన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. తరువాత ఎన్నికల్లో ఓడిపోయారు, పదవి పోయింది, అవేవీ ఆయన్ను బాధించలేదు. చచ్చిపోయేలోగా ఆ ఒక్క చెయ్యి తనకు అందుతుందా అన్నదే ఆయనకున్న ఏకైక ఆశ.

కూతురి అనుమతితో ఒక ఆదివారం ఆయన్ను చక్రాల కుర్చీలో మా తెలుగు ప్రార్థన కూటానికి తీసుకువెళ్ళాను. అప్పట్లో అమెరికన్ల చర్చి హాలును మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకునేవాళ్ళం. భాష తెలియకపోయినా పాటలకు వేళ్ళతో తాళం వేశారు. ముగింపు ప్రార్థన అయ్యాక అందరం వరుసగా చేతులు కలుపుతూ వందనాలు చెప్పుకుంటుంటే ఆయన బిత్తరపోయి చూశారు. ఇక్కడున్న తన కొడుకు దగ్గరకు వచ్చిన ఒక గుంటూరు పెద్దావిడ ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఈయన ఎవరమ్మా అని నన్నడిగింది. ఒక దేశపు ఆర్థికమంత్రి అని చెబితే, "అయితే మా ఆయన పెన్షన్ ఆగిపోయింది, ఆ సంగతి కాస్త చెప్పమ్మా" అంది. నేను తర్జుమా చేస్తే ఆయన పడిపడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చారు. ఆమె చెయ్యి వదల్లేదు.

ఆ రోజే పాస్టరు అయ్యగారితో చెప్పి, ఆ స్నేహితుడి మనసు మెత్తబడాలని సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. దేవుడు రాతిగుండెను మాంసపు గుండెగా మార్చగలడని నేను ఆయనకు ధైర్యం చెప్పాను. అప్పటి నా విశ్వాసం అంత పచ్చిగా, అంత బలంగా ఉండేది. ఆయన కూతురు చివరికి ఆ ఊరికి ఫోన్ చేసింది. ఆ ముసలి స్నేహితుడు మర్యాదగానే మాట్లాడాడట, ఆరోగ్యం అడిగాడట. నాన్నకు ఒక్క మాట చెప్పమని బతిమాలితే, "మీ నాన్న చేసింది దేశానికి మంచిదే అయ్యుంటుంది. నాకు మాత్రం ఒక్కతే కూతురు" అని ఫోన్ పెట్టేశాడట.

ఆ మాటను కూతురు దాచకుండా చెప్పింది. ఆయన తల ఊపి, చేతులు దుప్పటి లోపల పెట్టుకున్నారు. మళ్ళీ కూటానికి రమ్మంటే రానన్నారు. "ఆ పెద్దావిడకు నేనేం చేశానో అప్పుడు తెలియదు కదా, అందుకే నా చెయ్యి పట్టుకుంది" అన్నారు. మంచు కరిగే లోపే కన్నుమూశారు.

అడుగుడి మీకియ్యబడును అన్న మాటను నేను ఈనాటికీ నమ్ముతాను. కాని ఆయన అడిగింది పరలోకాన్ని కాదు, ఒక ముసలివాడి చెయ్యి, అది రాలేదు. ఎందుకు రాలేదని మోకాళ్ళ మీద అడుగుతూనే ముసలిదాన్నయ్యాను. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజుల్లో చెయ్యి ఇవ్వకపోవడమంటే, ఒక మనిషిని సముద్రం దాటినా చావు దాకా వెంటాడే శిక్ష. ఇప్పుడు ఎవరూ ఎవరికీ చెయ్యి ఇవ్వడం లేదు, అందుకు ఎవరికీ నొప్పిగా కూడా లేదు.