చిన్నమ్మ అడుగులు, నా ఎర్ర దారం

ఆ రోజుల్లో నా దగ్గర ఒక స్టాప్‌వాచ్, ఒక కొలత టేపు, రెండు ఎర్ర ఊలుదారం ఉండలు ఉండేవి. వీటితో లోకంలోని ఏ వంటింటినైనా బాగుచేసి పారేస్తానని గట్టి నమ్మకం కూడా ఉండేది (అన్నం వార్చడం మాత్రం సరిగా వచ్చేది కాదు, అది వేరే సంగతి). క్యాంపస్‌లో హోమ్ సైన్స్ చదువుతున్నానంటే చాలు, "అయితే పచ్చళ్లు బాగా పెడతావన్నమాట" అనేవాళ్లు. అన్నవాళ్లనల్లా నిలబెట్టి పావుగంట క్లాసు పీకేదాన్ని. అలాంటి నాకు చివరి సంవత్సరంలో మా మేడమ్ ఒక కబురు చెప్పారు. ఒక ట్రైనింగ్ సెంటర్‌లో, పనిచేసే ఆడవాళ్లకు శ్రమ తగ్గించుకునే పద్ధతులు నేర్పడానికి మనిషి కావాలట. ఒక్కటే పోస్టు. నిజమైన వంటింట్లో పని తేలిక చేసి, కమిటీ ముందు ఎవరు బాగా చూపిస్తే వాళ్లకే. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన ఆడపిల్ల అప్పటిదాకా లేదు. ఆ పోస్టు నాదేనని అక్కడే, బెంచీ మీదే తేల్చేసుకున్నాను.

మా చిన్నమ్మ తార్నాకలో రోడ్డు పక్క గదిలో టిఫిన్ సెంటర్ నడిపేది. తెల్లారేసరికి నేను అక్కడ వాలిపోయాను. పద్ధతి సులువే. వంటింటి పటాన్ని థర్మోకోల్ షీటు మీద గీసి, పొయ్యి, సింకు, గ్రైండర్ ఉన్నచోటల్లా గుండుసూదులు గుచ్చాలి. మనిషి ఎటు నడిస్తే అటు సూది నుంచి సూదికి దారం చుట్టాలి. తర్వాత విప్పి కొలిస్తే ఆమె నడిచిన దూరం తేలుతుంది. ఆ దారాన్ని ఎంత తగ్గిస్తే మనం అంత ఘనులం. "ఏందే బిడ్డా, పొద్దుపొద్దున గీ దారమేంది?" అంది చిన్నమ్మ. "నీ అడుగులు లెక్కవెడుతున్న చిన్నమ్మా, నౌకరీ కోసం" అన్నాను. "గట్లయితే ఇంకో నాలుగు ఎక్కువేస్త తియ్యి, పెద్ద నౌకరీ వస్తది" అని నవ్వి, నిజంగానే రెండడుగులు వెనక్కి వేసి చూపించింది. "అట్ల కాదు, ఆగు, ఆ అడుగు మళ్లా వెయ్యి" అంటూ నేను థర్మోకోల్ పట్టుకుని ఆమె వెంటపడ్డాను. ఆ ఇరుకు గదిలో సాంబారు గిన్నె నా మీద ఒలకకపోవడం నా అదృష్టం.

లెక్క తేలింది. ఆవిడ మాటిమాటికీ పొయ్యి దగ్గర్నుంచి మూల కిటికీదాకా ఖాళీ చేతులతో వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొస్తోంది. దారంలో సగం అక్కడే ఖర్చు! నా ఆనందం చెప్పనలవి కాదు. ఆ మధ్యాహ్నమే గ్రైండర్ బల్లను కిటికీకి అడ్డంగా లాగేశాను, డబ్బాలన్నీ చేతికందే చోటికి మార్చాను, చిన్నమ్మను పొయ్యి ముందు నిలబెట్టి "ఇగ నువ్వు కదలాల్సిన పనే లేదు" అని ప్రకటించాను. మళ్లీ చుట్టి చూస్తే దారం సగానికి సగం మిగిలింది.

మర్నాడు ఏడున్నరకు ఇడ్లీలు గుట్టగా పడి ఉన్నాయి, తినే నాథుడు లేడు. ఎనిమిదింటికి గుమ్మం నిండా జనం, పెనం మీద ఒక్క దోసె లేదు. రెండో రోజూ అదే తంతు. అడిక్‌మెట్ నుంచి రోజూ వచ్చే పరిశోధక విద్యార్థి ఒకతను, "ఏందక్కా, ఇంత లేటయితే ఎట్ల?" అని పక్క బండి దగ్గరికి నడిచాడు. చిన్నమ్మ మొహం మాడిపోయింది. "నీ నౌకరేమో గానీ, నా దుకాణం మూతబడేటట్టున్నది" అంది. "అలవాటయితది చిన్నమ్మా, జర ఓపిక పట్టు" అన్నాను (అన్నది నేనే, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది).

మూడో రోజు పొద్దున ఆవిడ గ్రైండర్ బల్లను తుంటితో ఒక్క తోపు తోసి, నా రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి ఈడ్చుకెళ్లింది. ఎదురుగా బస్‌స్టాప్. "గీడ నిలవడి చూడు. ఉప్పల్ దిక్కు నుంచి బస్సు నిండి వచ్చిందనుకో, గప్పుడే పెనం కాలవెడ్త. ఖాళీగ వస్తే మంట తగ్గిస్త. పోరగాళ్లు పుస్తకాలు తిరగేసుకుంట దిగిన్రంటే పరీక్షలున్నట్టు, దోసెకు ఆగరు, ఇడ్లీ నోట్లె వేసుకొని ఉరుకుతరు. నువ్వు నా కాళ్లు లెక్కవెట్టినవ్ బిడ్డా, కండ్లు ఏడికి వోయినయో చూడలే." పొయ్యినే కిటికీ దగ్గరికి జరుపుదామా అన్నాను, పట్టుదల చావక. "ఓనర్ ఒప్పుకోడు, గోడ నల్లగయితదంట" అంది.

మర్నాడే కమిటీ. పొట్టి దారం చూపించి ఊరుకుంటే పోస్టు నాది, తార్నాకకు వచ్చి చూసేదెవరు? ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధమెందుకు? కానీ గుట్టగా పడున్న ఇడ్లీలు కళ్లముందు కదిలాయి. బజారుకు పరుగెత్తి పచ్చ దారం కొన్నాను. బల్ల వెనక్కి జరిపాను, డబ్బాలను మాత్రం మార్చినచోటే ఉంచాను, తగ్గించకూడని ఆ కిటికీ నడకలన్నీ పచ్చగా చుట్టాను. కమిటీలో ఒక సార్ అడిగారు: "ఎంత తగ్గించావమ్మా?" "ముందు సగం తగ్గించాను సార్. తప్పని తెలిసి చాలావరకు మళ్లీ పెంచాను." అందరూ నవ్వారు. మా మేడమ్ నవ్వలేదు. "రేపు ఇంకో వంటింటికి వెళ్తే ముందు ఏం చేస్తావు?" "ఊరికే కూర్చుంటాను మేడమ్." "ఎంతసేపు?" "ఆ వంటింటావిడ నాకు టీ ఇచ్చేదాకా." అప్పుడు నవ్వారు.

పోస్టు నాకే వచ్చింది. చిన్నమ్మకు చెప్పడానికి పరుగెత్తితే, ఆవిడ నా థర్మోకోల్ పటాన్ని, సూదులన్నీ పీకేసి, ఈగలు వాలకుండా చట్నీ గిన్నె మీద మూతగా పెట్టుకుంది. ఇప్పటికీ నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకు మొదటి రోజు దారం ఇవ్వను. ఎందుకివ్వరని మూతి ముడుచుకుంటారు. నిన్న పొద్దున మా ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి, ఖాళీ చేతులతో కిటికీదాకా వెళ్లి, వీధి చూసి తిరిగొచ్చాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఆనాటి పిల్ల స్టాప్‌వాచ్‌తో వచ్చి ఆ అడుగులు లెక్కపెడితే మాత్రం, ముందు కూర్చోబెట్టి టీ ఇద్దును.