గేరన్నంటే నాకెందుకు కుళ్ళు

పళ్ళ మార్కెట్టు ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉన్న ఆ రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ కుర్రాళ్ళం ఒకరి బైకు చూసి ఒకరం, ఒకరి ర్యాంకు చూసి ఒకరం కుళ్ళుకునేవాళ్ళం. నేను వాటితో ఆగకుండా ఒక మెకానిక్కుని చూసి కూడా కుళ్ళుకున్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ పాసై, ఉద్యోగం రాక కోచింగుకి తిరుగుతున్నవాడికి పదో తరగతితో చదువాపేసిన మనిషి మీద ఏడుపేమిటని అడగకండి. ఏడ్చాను, అంతే.

మాది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. నాన్న ముచ్చటపడి ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. నడిపేది నేనే. (ఎడమచెయ్యి గేరు రాడ్డు మీద ఆనించి, కుడిచేత్తో స్టీరింగు తిప్పుతుంటే కోచింగ్ సెంటర్ల ముందు నిలబడ్డ ప్రపంచమంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ణి.) ఆ కారుకి గేర్‌బాక్సు జబ్బు. రెండో గేరు వేస్తే దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసేది. సైదాబాద్‌లో షెడ్డు పెట్టుకున్న నల్గొండాయన ఒకడు వచ్చి బాగుచేసేవాడు. ఆరు నెలలు తిరక్కుండా మళ్ళీ అదే రోగం, మళ్ళీ అతనే. మా ఇంట్లో అతని పేరు గేరన్న. అతనొస్తే అమ్మ వేడి పెసరట్టు వేసి అల్లం పచ్చడితో పెట్టేది (పెనానికి అంటుకుని చిరిగిన అట్టు నాకు). నాన్నయితే "అతను చెయ్యి పెడితే చాలు, బండి మాట వింటుందే!" అని మురిసిపోయేవారు. నా చేతి గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నాన్న అలా నన్ను ఒక్కసారైనా మెచ్చుకోవాలని నాకు మహా కోరికగా ఉండేది.

మూడోసారి గేరు ఊడినప్పుడు నా కుళ్ళు నోరు తెరిచింది. "బాగుచేసింది మళ్ళీ ఎందుకు పాడవుతుంది నాన్నా? మనం తనకోసం తిరుగుతూ ఉండాలని అతనే ఏదో వదులుగా బిగిస్తున్నాడు" అన్నాను. నాన్న కారు తాళాలు నా చేతిలో పెట్టి, "సరే, నీకెక్కడ నమ్మకముంటే అక్కడికే తీసుకెళ్ళు" అన్నారు. గెలిచాననుకుని, ఎల్‌బీ నగర్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే పెద్ద వర్క్‌షాపులో చేయించాను.

నాలుగు నెలలు బండి బుద్ధిగా నడిచింది. ఈలోగా నాకు ఉద్యోగమూ వచ్చింది. మిఠాయి కొందామని నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా వెళ్తుంటే, సరిగ్గా పళ్ళ మార్కెట్టు ముందు, మామిడికాయల లారీల మధ్య, గేరు ఊడింది. ఈసారి ఇంకే గేరూ పడలేదు. వెనక ఒకటే హారన్లు. "ఏంది భయ్, గిట్ల నడిమిట్ల ఆపినవ్! జర పక్కకు దొబ్బు!" అని ఆటోవాలాల దీవెనలు. నాన్న తాపీగా "గేరన్నకి ఫోన్ చెయ్యరా" అన్నారు. నేనే చెయ్యాలట!

గేరన్న వచ్చి, నాన్నని ఆటో ఎక్కించి, కారుని తాడు కట్టి షెడ్డుకి లాగించాడు. గేర్‌బాక్సు విప్పి, అరిగిపోయిన ఇనుప ముక్కొకటి నా చేతిలో పెట్టాడు.

"గీ ఫోర్కు అరిగింది తమ్మీ, గేర్లను జరిపేది గిదే. నువ్వు ఊకె గేరు రాడ్ మీద చెయ్యి పెట్టి నడుపుతవ్ గద, ఆ బరువంత దీని మీదనే పడ్తది. ఎవరు చేసినా గంతే, మళ్ళ పోతది."

ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాను. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నా?"

"సార్‌కు మొదటిసారే చెప్పిన. 'మావోడు మెకానికల్ చదివిండు, అసలే నౌకరి లేక పరేషాన్‌ల ఉన్నడు, వానికి చెప్పకు' అన్నడు. ఇప్పుడు నౌకరి ఒచ్చింది గద, ఇగ చెప్పుమన్నడు. నువ్వు నా మీద చెప్పింది గూడ చెప్పిండు లే. ఇద్దరం మస్తు నవ్వుకున్నం."

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడిగితే, "ఛాయ్ తాగుతవా?" అన్నాడు.

ఆ కారు ఇప్పుడు లేదు. నా నడక, నడిపే తీరు రెండూ కుదురుకున్నాయి. అయినా నిజం చెప్పొద్దూ, గేరన్న మీద నా కుళ్ళు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అన్నాళ్ళూ నాన్న తన దిగులంతా చెప్పుకున్నది నాతో కాదు, అతనితో. ఆ దిగులు నా గురించేనని తెలిసి కూడా ఇంకా కుళ్ళుకుంటున్నానంటే, ఈ వయసులో నన్ను చూసి నాకే నవ్వొస్తుంది.